పాత మ్యూజికల్‌కు కొత్త తార: బ్రాడ్‌వే గురించి కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఏదైనా పాత మ్యూజికల్‌ను (పాటలతో నడిచే నాటకాన్ని) మళ్ళీ రంగస్థలం మీదికి తెస్తున్నారనీ (దీన్నే రివైవల్ అంటారు), ప్రధాన పాత్రకు సినిమాల నుంచో టెలివిజన్ నుంచో పాప్ సంగీతం నుంచో ఒక ప్రసిద్ధ వ్యక్తిని తీసుకున్నారనీ వార్త రాగానే, నాటకాభిమానులైన నా మిత్రులు ఫోన్ చేసి "ఇదేం అన్యాయం?" అని అడుగుతారు. పది నిమిషాలు గడిచాక వారే "టికెట్లు ఎప్పటి నుంచి అమ్ముతారు?" అని కూడా అడుగుతారు. ఈ రెండు ప్రశ్నల్లో ఏదీ కపటంతో అడిగింది కాదు. న్యూయార్క్ నాటకశాలల్లో స్టేజ్ మేనేజ్‌మెంట్ విభాగంలో పనిచేస్తున్న నాకు కూడా అలాంటి వార్త విన్నప్పుడు సంతోషమూ సందేహమూ కలిసే వస్తాయి. పేరు చూసి పాత్ర ఇచ్చే ఈ పద్ధతిని ఇక్కడివారు కొంత చులకనగా 'స్టంట్ కాస్టింగ్' అంటారు. తెర వెనుక నుంచి చూసేవారికి మాత్రం ఆ తార ఎంత పెద్దది అన్నదానికన్నా, ఆమెకు ఎన్ని వారాల రిహార్సల్ దొరికింది, ఆమె రాని పూట ఆ పాత్రలో ఎవరు నిలబడతారు అన్న రెండు విషయాలే ముఖ్యం. ఈ విషయంలో తరచుగా వినిపించే అభిప్రాయాలను ఆ దృష్టితోనే పరిశీలిస్తాను.

అపోహ: ఇది ఈ తరం నిర్మాతల దురాశ వల్ల పుట్టిన జాడ్యం. వెనకటి రోజుల్లో ప్రతిభను మాత్రమే చూసేవారు.

వెనకటి రోజులంటే ఏ రోజులో చెప్పవలసి ఉంటుంది. 'హలో, డాలీ!' అనే మ్యూజికల్ 1964 జనవరిలో బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్‌లోని ప్రధాన నాటకశాలల్లో, మొదలైంది. డాలీ పాత్రను రూపుదిద్దిన నటి కారల్ చానింగ్. ఆమె తప్పుకున్న తర్వాత నిర్మాత డేవిడ్ మెరిక్ ఆ పాత్రకు ఎవరెవరిని తెచ్చారో చూస్తే, నేటి నిర్మాతలు ఆయన ముందు పసివాళ్ళలా కనిపిస్తారు. సినిమా నాట్యతార జింజర్ రోజర్స్, హాస్యనటి మార్తా రే, యుద్ధకాలంలో సైనికుల గోడల మీద బొమ్మై వెలిగిన బెటీ గ్రేబుల్, నవ్వించడమే వృత్తిగా ఉన్న ఫిలిస్ డిల్లర్ ఒకరి తర్వాత ఒకరు డాలీ వేషంలో రంగం మీది మెట్లు దిగి వచ్చారు. 1967లో మెరిక్ మొత్తం నటవర్గాన్నే మార్చి, పెర్ల్ బెయిలీ, క్యాబ్ కాలవే ప్రధాన పాత్రధారులుగా పూర్తిగా నల్లజాతి కళాకారులతో అదే నాటకాన్ని నడిపించారు. అది వ్యాపారపు ఎత్తే అయినా, బెయిలీకి ప్రత్యేక టోనీ (బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే అత్యున్నత పురస్కారం) తెచ్చిపెట్టినంత గొప్పగా సాగింది. చివరకు 1970లో ఎథెల్ మెర్మన్ వచ్చారు. మొదట్లో ఈ పాత్రను ఆమెనే మనసులో పెట్టుకుని సిద్ధం చేయగా ఆమె కాదన్నారు. అప్పుడు పక్కన పెట్టేసిన రెండు పాటలను, ఆమె ఒప్పుకుని వచ్చిన తర్వాత తిరిగి నాటకంలో చేర్చారు. 2,844 ప్రదర్శనల తర్వాత నాటకం ముగిసింది. అప్పటికి బ్రాడ్‌వే మ్యూజికల్స్‌లో అదే అత్యధిక సంఖ్య.

తెలుగువారికి ఇందులో వింత ఏమీ లేదు. మా తెనాలి వైపు కాంట్రాక్టు నాటకాల రోజుల్లో కృష్ణుడి వేషానికి ఎవరు వస్తున్నారన్నది తెలిసిన తర్వాతే జనం బళ్ళు కట్టేవారు. ఒకే రాత్రి ఒక్కొక్క అంకానికి ఒక్కొక్క కృష్ణుడు వచ్చి పద్యాలు పాడి వెళ్ళడం, ముందు వచ్చిన కృష్ణుడికన్నా తర్వాతి కృష్ణుడు రాగం ఎక్కువసేపు తీశాడా లేదా అని శ్రోతలు పోల్చుకోవడం మామూలే. పేరుకు పెద్దపీట వేయడం రంగస్థలంతోపాటే పుట్టిన అలవాటు.

అపోహ: తారలు పాడలేరు. వారు రంగస్థలానికి పరాయివారు.

ఇక్కడ 'తార' అన్న ఒక్క మాట కింద మూడు నాలుగు రకాల మనుషులను కలిపేస్తున్నాం. 2022లో 'ది మ్యూజిక్ మ్యాన్' రివైవల్‌లో నటించిన హ్యూ జాక్‌మన్‌ను చాలామంది సినిమా నటుడిగానే ఎరుగుదురు. కానీ ఆయన 1998లోనే లండన్ నేషనల్ థియేటర్‌లో 'ఓక్లహోమా!' చేసినవారు, 2004లో ఒక మ్యూజికల్‌కే టోనీ అందుకున్నవారు. 2017లో 'హలో, డాలీ!'ని మళ్ళీ నిలబెట్టిన బెట్ మిడ్లర్ 1960లలోనే 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్'లో పెద్ద కూతురి పాత్ర వేశారు. లియా మిషెల్ టెలివిజన్ వల్ల ఇంటింటికీ తెలిసినా, బాలనటిగా బ్రాడ్‌వేలో పెరిగిన మనిషి. వీరిని తెచ్చినప్పుడు స్టంట్ అనడం న్యాయం కాదు. రంగస్థలం తన బిడ్డలను తిరిగి పిలుచుకుంది, అంతే.

మరోవైపు, అసలు రంగస్థల అనుభవమే లేనివారు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ పరీక్ష గొంతు బాగుందా లేదా అన్నదానితో ముగియదు. ఒక పాటను స్టూడియోలో ఎన్నిసార్లయినా పాడి మంచి ముక్కలను అతికించుకోవచ్చు. ఇక్కడ వారానికి ఎనిమిది ప్రదర్శనలు, అందులో రెండు రోజులు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. శనివారం రాత్రి పతాక సన్నివేశపు పాటకు గొంతు మిగలాలంటే మధ్యాహ్నం ఎంత ఖర్చు పెట్టాలో తెలిసి ఉండాలి. శ్రుతి సంగతి కూడా ఉంది. కొత్తగా వచ్చినవారి గొంతుకు పాత శ్రుతి కుదరకపోతే పాటను కిందికో పైకో మార్చవచ్చు, మారుస్తాం కూడా. అప్పుడు వాద్యబృందంలో ప్రతి ఒక్కరికీ కొత్త స్వరపత్రాలు తయారు చేయాలి, అండర్‌స్టడీ (ప్రధాన నటులు రాని పూట ఆ పాత్ర వేయడానికి సిద్ధంగా ఉండే మనిషి) పాడే పూటకు పాతవి కూడా స్టాండు మీద సిద్ధంగా ఉంచాలి. శ్రుతి మార్చారని తెలిసి ముఖం చిట్లించే అభిమానులకు నేను చెప్పేది ఒకటే: శ్రుతి మార్చడం మోసం కాదు, మార్చకుండా గొంతు చించుకోమనడమే క్రూరత్వం.

అయితే ఏ శ్రుతిలోనూ కుదరని సందర్భం కూడా చరిత్రలో ఉంది. 1994లో 'సన్‌సెట్ బొలెవార్డ్' లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో ప్రధాన పాత్రకు గ్లెన్ క్లోస్ తర్వాత సినిమా తార ఫే డనవేను ప్రకటించారు. ఆమె గానం ఆ పాత్రకు చాలడం లేదంటూ, ఆమె రంగం మీదికి రాకముందే నిర్మాతలు ఆ ప్రదర్శననే ఆపివేశారు. ఆమె దావా వేయగా చివరకు రాజీ కుదిరింది. కాలం గడిచాక అదే పాత్ర పాప్ గాయని నికోల్ షెర్జింగర్ చేతికి వచ్చినప్పుడు, 2023లో లండన్‌లోనూ 2024లో న్యూయార్క్‌లోనూ ఆమె పాడిన తీరు చూసి ముందుగా పెదవి విరిచినవారే లేచి నిలబడ్డారు. 2025లో ఆమెకు టోనీ వచ్చింది. ఒకే పాత్ర విషయంలో ఈ రెండూ జరిగాయి కాబట్టి, ఎవరినైనా వృత్తిని బట్టి ముందే తీసిపారేయడం కుదరదు.

అపోహ: పెద్ద పేరు ఒకటి దొరికితే నాటకం బతికినట్టే.

దీనికి జవాబు నాటకం కట్టుబడిలో ఉంటుంది. 'షికాగో' 1975 నాటి మ్యూజికల్. దాని రివైవల్ 1996 నవంబరులో మొదలై, రెండుసార్లు నాటకశాల మారి, ఇప్పటికీ నడుస్తోంది. వాద్యబృందం వేదిక మీదే కూర్చుంటుంది, దుస్తులు ఎక్కువగా నల్లనివి, భారీ సెట్టింగులు లేవు. రాక్సీ, బిల్లీ, మామా మోర్టన్ వంటి పాత్రల్లో ఎవరి బలాన్ని బట్టి వారు నిలబడే చోటు ఉంటుంది. కాబట్టే అషర్, బ్రూక్ షీల్డ్స్, మెలనీ గ్రిఫిత్ వంటివారు ఇందులోకి వచ్చి వెళ్ళగలిగారు. 2022లో పమేలా ఆండర్సన్ ఎనిమిది వారాలు రాక్సీగా నటించి వెళ్ళిపోయినా నాటకానికి ఏ గాయమూ కాలేదు. రంధ్రాన్వేషణ చేసేవారు దీన్ని తిరిగే తలుపు అంటారు గాని, ఆ తలుపును అంత నున్నగా తిరిగేలా బిగించిన పనితనాన్ని కూడా గుర్తించాలి. వచ్చే ప్రతి తారకూ నాట్యం నేర్పేది డాన్స్ కెప్టెన్, కదలికలు నేర్పేది స్టేజ్ మేనేజరు. మొత్తం నటవర్గంతో, దుస్తులతో, దీపాలతో జరిగే పూర్తి రిహార్సల్ చాలాసార్లు ఒక్కటే దొరుకుతుంది. మర్నాడో ఆ మర్నాడో ప్రేక్షకులే ఎదురుగా ఉంటారు.

'ది మ్యూజిక్ మ్యాన్' కథ దీనికి తలకిందులు. ఆ నిర్మాణాన్ని జాక్‌మన్, సటన్ ఫాస్టర్‌ల మీదే నిలబెట్టారు. టికెట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. జాక్‌మన్ తప్పుకునే సమయానికి, అంటే 2023 జనవరిలో, నాటకం కూడా ముగిసింది. అది అపజయమేమీ కాదు, కానీ తార నాటకాన్ని బతికిస్తుందన్న మాటకు గడువు తేదీ ఉంటుందని మాత్రం తెలుస్తుంది.

'ఫన్నీ గర్ల్' మరీ చిత్రమైన సంగతి. 1964లో బార్బ్రా స్ట్రైసండ్ అందులోని ప్రధాన పాత్రను తన పేరుతో ఎంతగా ముడివేసుకున్నారంటే, ఆ మొదటి నిర్మాణం ముగిశాక 2022 వరకు బ్రాడ్‌వేలో ఎవరూ ఆ నాటకాన్ని మళ్ళీ నిర్మించలేదు. 2022 ఏప్రిల్‌లో బీనీ ఫెల్డ్‌స్టీన్‌తో రివైవల్ మొదలైంది. ఆమె హాస్యం చక్కనిదే అయినా పాటల బరువుకు గొంతు చాలలేదని సమీక్షకులు రాశారు. జూలై చివర ఆమె తప్పుకున్నారు. సెప్టెంబరులో లియా మిషెల్ రాగానే అదే సెట్టు, అదే దర్శకుడు, అవే పాటలు ఉన్నా నాటకం వేరే నాటకమైంది. ఆ డిసెంబరులో వారపు వసూళ్ళు 20 లక్షల డాలర్లను దాటాయి. ఇద్దరూ తెర మీద పేరున్నవారే. కాబట్టి తేడా తెచ్చింది పేరు కాదు, ఆ పాత్ర ఏ కండరాన్ని కోరుతుందో అది ఎవరి దగ్గర ఉందన్నదే.

సగం అపోహ: తారలు వచ్చి మామూలు నటుల పొట్ట కొడుతున్నారు.

ఈ మాటను కొట్టిపారేయలేను. పదిహేనేళ్ళు బృందగానంలో నిలబడి, రెండుసార్లు అండర్‌స్టడీగా మెప్పించిన నటి, పాత్ర ఖాళీ అయినప్పుడు తన పేరు పరిశీలనకు కూడా రాలేదని తెలిసి మేకప్ గదిలో మౌనంగా కూర్చోవడం నేను చూశాను. అయితే అదే తార పేరు మీద అమ్ముడైన టికెట్ల వల్ల ఆ మేకప్ గదిలోని ఇరవై ముప్పై మందికీ, వాద్యకారులకూ, దుస్తులవారికీ మరో ఏడాది జీతం వస్తుంది. ఈ రెండూ ఏకకాలంలో నిజాలు. ఒకదానితో మరొకటి చెల్లిపోదు.

అపోహ: అసలైన నాటకాభిమానులు దీన్ని ఏవగించుకుంటారు. టికెట్లు కొనేవారంతా తార వెంటపడే అమాయకులు.

2025 వేసవిలో లండన్ పలాడియంలో 'ఎవీటా' రివైవల్ జరిగింది. నాటకంలోని అత్యంత ప్రసిద్ధమైన పాటను సినిమా తార రేచల్ జెగ్లర్ నాటకశాల బాల్కనీలోకి వచ్చి వీధిలోని జనానికి పాడేవారు. టికెట్ కొని లోపల కూర్చున్నవారు దాన్ని తెర మీద వీడియోగా చూసేవారు. డబ్బు పెట్టినవారికి నటి ఎదురుగా లేకపోవడమేమిటని కొందరు మండిపడ్డారు. ప్రజానాయకురాలి కథలో ఆ పాట ప్రజలకే దక్కడం సరైన దర్శకత్వమని మరికొందరు మురిసిపోయారు. ఆ వాదంలో రెండు పక్కలా ఉన్నది ఏళ్ళ తరబడి నాటకాలు చూసేవారే. అభిమానుల అసలు గొడవ తరచుగా టికెట్ ధరతో, గిరాకీని బట్టి ఆ ధర ఎక్కుతూ పోవడంతో. ఆ గొడవ పూర్తిగా సమంజసమే, దాని భారాన్ని మాత్రం తారల నెత్తిన వేయడం సరికాదు.

అపోహ: తార రాని పూట టికెట్ దండగ.

నాటకం పేరుకు పైన ఎవరి పేరు ముద్రించారో వారు రానప్పుడు, సాధారణంగా ప్రేక్షకుడు సొమ్ము వెనక్కు తీసుకోవచ్చు, లేదా మరో రోజుకు మార్చుకోవచ్చు. పాత్రధారి మారిన సంగతిని ప్రోగ్రాం పుస్తకంలో చీటీతోనో, ప్రవేశద్వారం దగ్గర బోర్డుతోనో, మైకు ప్రకటనతోనో తెలియజేయాలని నటుల సంఘం నిబంధన ఉంది. కానీ ఆ చీటీ చూడగానే వెనుదిరిగినవారు ఏమి పోగొట్టుకున్నారో కొన్ని తేదీలు చెబుతాయి. 2021 డిసెంబరు 23న సటన్ ఫాస్టర్ రాలేకపోవడంతో 'ది మ్యూజిక్ మ్యాన్'లో ఆమె పాత్రను స్వింగ్ క్యాథీ వోయ్‌ట్కో వేశారు. ఆ పూట తాను రంగం మీదికి వెళ్ళాలని ఆమెకు అదే రోజు తెలిసింది. నాటకం ముగిశాక జాక్‌మన్ ఆమెను ముందుకు పిలిచి, స్వింగ్‌లూ అండర్‌స్టడీలూ లేకపోతే బ్రాడ్‌వే లేదన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. స్వింగ్ అంటే ఒక పాత్ర కాదు, ఎనిమిది పది పాత్రల మాటలూ అడుగులూ తలలో పెట్టుకుని, ఏ పూట ఏది వేయమన్నా వేసే మనిషి. మా విభాగంలో మేము మొదట పేర్లు నేర్చుకునేది వారివే.

లండన్ 'ఫన్నీ గర్ల్'లో 2016లో ప్రధాన నటి షెరిడన్ స్మిత్ సెలవు పెట్టినప్పుడు నటాషా బార్న్స్ ఆ పాత్రను వారాలపాటు మోసి పేరు తెచ్చుకున్నారు. న్యూయార్క్‌లో ఫెల్డ్‌స్టీన్ వెళ్ళాక, మిషెల్ వచ్చేలోగా ఆగస్టు అంతా నాటకాన్ని నిలబెట్టింది జూలీ బెంకో. ఆ తర్వాత ప్రతి గురువారం ఆ పాత్రను ఆమెకే ప్రత్యేకంగా కేటాయించారు. 2017 'హలో, డాలీ!'లో మంగళవారాలు డోనా మర్ఫీవి. మిడ్లర్‌ను ఒకసారి చూసి, మర్ఫీ కోసం మంగళవారం మళ్ళీ వెళ్ళిన మిత్రులు నాకు ఉన్నారు. ఈ వారాల పట్టిక ముందుగానే ప్రకటిస్తారు, తార ఏ తేదీ వరకు ఉంటుందో, ఏ రోజుల్లో సెలవో కూడా అందులోనే ఉంటుంది. టికెట్ కొనేముందు దాన్ని ఒకసారి చదవండి. నాటకశాలకు వెళ్ళాక ప్రోగ్రాం పుస్తకంలో అండర్‌స్టడీల పేర్లు ఉండే పేజీని తెరిచి చూడండి.