బోల్డ్ ఇటాలిక్: ఒంచితే వచ్చే అక్షరం కాదు

పిల్లలూ,

వర్డ్‌లో కంట్రోల్ బీ, వెంటనే కంట్రోల్ ఐ నొక్కితే అక్షరం లావెక్కి పక్కకు ఒరుగుతుంది కదా. మామూలు అక్షరాన్నే కంప్యూటర్ అలా చేసిందని చాలామంది అనుకుంటారు. టైమ్స్ న్యూ రోమన్‌లో జరిగేది అది కాదు. అందులో రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్ అని నాలుగు విడి ఫైళ్లుంటాయి. నాలుగింటినీ దేనికది వేరుగా గీశారు.

కావాలంటే స్మాల్ లెటర్ ‘ఏ’ని 72 పాయింట్లలో పెట్టి చూడండి. నిటారు రూపంలో పైన కొక్కెం, కింద బొజ్జ ఉంటాయి. ఇటాలిక్‌లో కొక్కెం పోయి, మీరు చేత్తో రాసే ‘ఏ’ వస్తుంది. ‘ఎఫ్’ తోక గీత కిందికి దిగుతుంది. ఇటాలిక్ పుట్టింది చేతిరాతలోంచే మరి. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ 1501లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలను ఈ అక్షరాలతో అచ్చువేశాడు. అచ్చులు చెక్కింది ఫ్రాన్సెస్కో గ్రిఫో. లావు అక్షరాలు 19వ శతాబ్దంలో గానీ వాడుకలోకి రాలేదు.

రెండూ కలపడం తేలిక కాదు. ఇటాలిక్ అక్షరం అసలే ఇరుకు. దాన్ని లావు చేస్తే ‘ఈ’ లోపలి ఖాళీ పూడిపోతుంది. అందుకని నిలువు గీతలకే మందం పెంచి, కలిపే గీతల్ని సన్నగా వదిలేస్తారు.

నాలుగో ఫైలు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్నదాన్నే ఒంచి, అంచులకు మందం పూస్తుంది. టైమ్స్ లాంటి ఫాంట్‌లో ‘ఏ’కి కొక్కెం అలాగే ఉంటే అది దొంగ ఇటాలిక్ అన్నమాట. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ గీసి ఉండదు, ఐ నొక్కితే వచ్చేది ఈ దొంగ వంపే. తెలుగుకు బోల్డ్ చాలు.

బోల్డ్ ఇటాలిక్ ఎక్కడ వాడాలంటారా? బోల్డ్ శీర్షికలో ఇంగ్లిష్ పుస్తకం పేరు వస్తే వాడండి. ఫిజిక్స్‌లో సదిశల గుర్తులకు ఐఎస్‌ఓ 80000-2 ప్రమాణం దీన్నే సూచిస్తుంది. నోటుపుస్తకంలో అక్షరాన్ని లావు చేయలేం కాబట్టి పైన బాణం గీస్తాం. పేరా మొత్తానికి మాత్రం వద్దు, కళ్లు లాగేస్తాయి. నల్లని రంగు మీద తెల్లగా, చిన్న సైజులో అచ్చువేస్తే సిరా పాకి సెరిఫ్‌లు, అంటే గీతల కొసన ఉండే చిన్న పాదాలు, మాయమవుతాయి. బ్రాకెట్‌లో చివరి అక్షరం ‘ఎఫ్’ అయితే దాని తల బ్రాకెట్‌కు తగులుతుంది. మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ ఇవ్వండి.

ఇన్‌స్టా బయోలో అతికించే వంపు అక్షరాలు అసలు ఫాంటే కాదు. కంప్యూటర్లు అన్ని లిపుల అక్షరాలకూ వాడే సంకేతాల పట్టికను యూనికోడ్ అంటారు; గణితం కోసం 2001లో అందులో చేర్చిన గుర్తులవి. వాటితో పేరు రాస్తే వెతికినా దొరక్కపోవచ్చు. చూపులేనివారికి చదివిపెట్టే స్క్రీన్ రీడర్ కొన్నిసార్లు ఒక్కో అక్షరాన్నీ ‘మ్యాథమెటికల్ బోల్డ్ ఇటాలిక్’ అంటూ చదువుతుంది, లేదా వదిలేస్తుంది. ఆ గుర్తుల్లో బోల్డ్ ఇటాలిక్ అంకెలు లేవు. అందుకే పేరు పక్కన పుట్టిన సంవత్సరం పెడితే అది మాత్రం నిటారుగా నిలబడుతుంది.

మీ తాతయ్య