షుగర్ పుస్తకంలో లేని గడి

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్ల దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. తేదీ, ఫాస్టింగ్, తిన్నాక అని మూడు గళ్లు. ఒకచోట 212 అని రాసుంటుంది. ఆ పూట పెళ్లి భోజనం చేశారా, మాత్ర మరిచారా, ఒంట్లో జ్వరమా, అదేమీ ఉండదు. డాక్టరు తిరగెయ్యడానికి పుట్టిన పుస్తకం మరి.

మొదట్లో ఈ అంకె కూడా లేదు, రంగే ఉండేది. స్టాన్లీ బెనెడిక్ట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 20వ శతాబ్దం మొదట్లో తయారుచేసిన నీలి ద్రావణం 5 మిల్లీలీటర్లు గాజు గొట్టంలో పోసి, 8 చుక్కల మూత్రం వేసి మరిగించాలి. చక్కెర లేకుంటే నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, బాగా ఎక్కువైతే ఇటుక రంగు. కానీ రక్తంలో సుమారు 180 దాటితేగానీ చక్కెర మూత్రంలోకి దిగదు. అంటే తెలిసేదీ ఆలస్యంగానే.

1970 ప్రాంతంలో అమెరికాలో ఏమ్స్ అనే కంపెనీ రక్తపు చుక్కతో కొలిచే మీటరు తెచ్చింది, డాక్టర్లకే అమ్మేది. చిన్నప్పట్నుంచీ షుగర్ ఉన్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఇంజనీరు, డాక్టరైన భార్య పేరు మీద ఒకటి తెప్పించుకున్నాడు. రోజుకు పలుమార్లు వేలు గుచ్చుకుని, ఏది తింటే ఎంత పెరిగింది, ఇన్సులిన్ ఎంతకు ఎంత దిగింది అని తనమీద తనే లెక్క కట్టాడు. ఆ సంగతులు వైద్య పత్రికలు వేసుకోలేదు. దాంతో నలభై అయిదేళ్ల వయసులో మెడికల్ కాలేజీలో చేరాడు, మొండిఘటం! అసలు మలుపు మీటరు కాదు, ఆయన అడిగిన ‘ఎందుకు’ అంటాను.

అమెరికా, కెనడాల్లో ఇన్సులిన్ తప్పనిసరైన 1,441 మంది టైప్ 1 రోగులపై జరిగిన పరీక్ష, షుగర్ అదుపులో ఉంటే కళ్లు, కిడ్నీలు నిలుస్తాయని 1993లో తేల్చింది. మీటర్లు ఇళ్లలోకి వచ్చేశాయి. మనవాళ్లలో ఎక్కువమందిది మాత్రలతో నడిచే టైప్ 2. ఇన్సులిన్ వాడనివాళ్లకు ఊరికే కొలుచుకోవడం వల్ల వచ్చే లాభం కొద్దిపాటిదేననీ, ఏడాది తిరిగేసరికి అదీ కరిగిపోతోందనీ వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2012 సమీక్ష చెప్పింది.

ఆలోచింపజేసే పనిముట్లు అప్పటికే మొదలయ్యాయి. 2008లో లీనా మామికినా అనే పరిశోధకురాలి బృందం ‘మాహీ’ అనే ఫోను పనిముట్టును వివరించింది. షుగర్ కొత్తగా బయటపడినవాళ్లు ఫోనుతో కంచం ఫొటో తీసి, మాటల్లో సందేహం చెప్పి, రీడింగ్‌తో కలిపి పంపుతారు. నేర్పేవాళ్లు చూసి బదులిస్తారు, ఎదురు ప్రశ్న వేస్తారు.

మన సరిహద్దుకు ఇదే దగ్గరి దారి. 1936లో ఒడిశా ఏర్పడ్డాక ఈ ఊళ్లు అటు పడ్డాయి, వైద్యానికి మాత్రం శ్రీకాకుళమో విశాఖో పరుగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మందుల చీటీ ఇంగ్లీషు, ఆశా దీదీ మాట ఒడియా, ఇంట్లో తెలుగు. ఓట్స్ ఎన్ని గ్రాములని అడిగే యాప్‌లో చద్దన్నం, మురీలు, రాగి అంబలి ఎక్కడ వెతుకుతాం? ఫొటో తీసి ‘రాత్రి ఇది తిన్నానమ్మా, పొద్దున 212 వచ్చింది’ అనడానికి చదువు కూడా అక్కర్లేదు. కాకపోతే మాహీలో అవతల వినే మనిషి ఉంది. ఇక్కడ తెలుగులో విని, తిరిగి అడిగే ఆ మనిషిని ఏ రాష్ట్రం పెట్టాలి, జీతం ఎవరివ్వాలి?