విశాఖ మున్సిపల్ బళ్లో ఆరో తరగతి ఎవరిది?

వన్‌టౌన్‌లో ఒక మున్సిపల్ హైస్కూలు. హెచ్.ఎం. గారు బీరువా తీసి రెండు అడ్మిషన్ రిజిస్టర్లు బల్ల మీద పెట్టారు. ఒకటి 1980ల నాటిది, అట్ట ఊడి దారానికి వేలాడుతోంది. అందులో తండ్రి వృత్తి గడిలో పోర్టు గుమాస్తా, రైల్వే, షిప్‌యార్డు ఫిట్టరు, టీచరు, కిరాణా కొట్టు, కలాసీ, వేట. రెండోది ఈమధ్యది. అదే గడిలో పైనుంచి కిందికి కూలీ, కూలీ, ఆటో, కూలీ, తాపీ పని. మాతృభాష గడిలో తెలుగు వరసల మధ్య అక్కడక్కడా ఒడియా, హిందీ. చివరి గడిలో ఎర్ర సిరాతో బడి వదిలిన తేదీలు.

ఏడో తరగతి పిల్లాడికి తెలుగు పేరా చదవడం రాదు, భాగహారం రాదు అని నగరంలోని సర్కారు బడుల మీద ఏటా ఒకే మాట వినిపిస్తుంది. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. అయితే ‘మా రోజుల్లో ఇదే బడి ఎలా ఉండేదో తెలుసా’ అనేవాళ్లు ఆ రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి చదవాలి. బడి పేరు మారలేదు, పిల్లలు మారిపోయారు.

విశాఖకు పోర్టు 1933లో వచ్చింది. 1941లో షిప్‌యార్డు, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1966లో భారీ ప్లేట్లు, వెసల్స్ తయారుచేసే బీహెచ్‌పీవీ, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. ప్రతిదాని వెనకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా వైపు నుంచి జనం దిగారు. పర్మినెంటు ఉద్యోగి కొడుకూ, కాంట్రాక్టు కలాసీ కొడుకూ చాలాకాలం ఒకే మున్సిపల్ బళ్లో కూర్చున్నారు. టౌన్‌షిప్పులు కట్టి అక్కడే బడులు పెట్టాక మొదటి విడత పిల్లలు వెళ్లిపోయారు. వీధివీధినా ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి వచ్చాక నెలజీతం ఉన్న ప్రతి ఇల్లూ అటు కదిలింది. ఫీజు కట్టలేనివాళ్లు మిగిలారు.

వాళ్లు కొద్దిమందేం కాదు. 2011 జనగణనలో విశాఖ నగరంలోని కుటుంబాల్లో 44.1 శాతం మురికివాడల్లో ఉన్నట్టు తేలింది. దేశంలో పది లక్షల జనాభా దాటిన నగరాలన్నిటిలోనూ అదే అత్యధికం, ముంబయి కన్నా ఎక్కువ. ఈ అంకె వెలువడినప్పుడు ఇళ్ల గురించి చర్చ జరిగింది. బడుల గురించి అంతగా జరగలేదని నాకు ఇప్పటికీ బాధే.

ఇళ్లు మాత్రం కట్టారు. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర నగరాభివృద్ధి పథకం కింద వాడల్లోని కుటుంబాలకు మధురవాడ, పరదేశిపాలెం వైపు కాలనీలు వచ్చాయి. ఇల్లు అక్కడ, పని ఇక్కడ. తల్లి తెల్లారకముందే బస్సెక్కి టౌన్లో ఇళ్లలో పనికి పోతే, చెల్లికి జడలు వేసి బడికి తీసుకెళ్లాల్సింది ఆరో తరగతి అక్కే. పాత ఊరి బడుల్లో గదులు ఖాళీ పడ్డాయి. మధురవాడ పక్క చంద్రంపాలెం జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లల సంఖ్య వేలల్లోకి పోయింది.

మన దగ్గర మిడిల్ స్కూలంటూ విడిగా లేదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కొన్నిచోట్ల అప్పర్ ప్రైమరీ (యూపీ) స్కూల్లో, ఎక్కువచోట్ల హైస్కూల్లో ఉంటాయి. ఒకప్పుడు ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. తప్పినవాడు అక్కడితో చదువు మానేసి పనిలో పడేవాడు, కాబట్టి పైతరగతుల ఫలితాల్లో వాడి లెక్కే లేదు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి, ఎనిమిది దాకా తప్పించకూడదంది. టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదనీ అంది. పిల్లలు బడిలో నిలబడ్డారు, అది చాలా మంచి పని. పాత పద్ధతిలో రాలిపోయే పిల్లాడు ఇప్పుడు పరీక్ష రాస్తున్నాడు, సగటు మార్కుల్లో వాడూ ఉన్నాడు.

మీడియం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2008లో సక్సెస్ పథకం కింద హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. 2017 ఆరంభంలో మున్సిపల్ బడులన్నిటినీ ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మార్చాలని ఉత్తర్వు వస్తే నిరసనలు లేచాయి. 2019 నవంబరులో రాష్ట్రమంతటికీ అలాంటి ఉత్తర్వే వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఒక క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. సైన్సు పాఠం. ఒకబ్బాయి ‘ఫోటోసింథసిస్’ దగ్గర ఆగిపోయి, సాయానికి ఎదురు పేజీ చూశాడు. అక్కడ ‘కిరణజన్య సంయోగక్రియ’ అని ఉంది. ఒత్తులు కూడబలుక్కుంటూ నాలుగోసారికి చదివాడు, అప్పటికి టీచరు కింది పేరాలో ఉన్నారు. వాడింట్లో మాట్లాడేది ఒడియా.

ఈ పిల్లల వెనక ఇంకో గండం ఉంది. 2025-26లో ఆరో తరగతిలో కూర్చున్నవాళ్లు 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్లు. 2021 ఆగస్టు 16 దాకా, నడుమ రెండున్నర నెలలు తప్ప, ఒకటో తరగతి గది తలుపు తెరవలేదు. అక్షరాలు దిద్దించాల్సిన ఏడాది అలా పోయింది. తర్వాత 2022లో 117వ జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. 2025లో దాన్ని పక్కనబెట్టి తొమ్మిది రకాల బడులన్నారు. పదకొండేళ్లు నిండకముందే బడి నిర్మాణం రెండుసార్లు మారడం చూసిన పిల్లలు వీళ్లు.

నాడు-నేడు పథకంతో గదులు బాగుపడ్డాయి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బిచ్చే అమ్మఒడి, ఇప్పటి తల్లికి వందనం వల్ల పేరు రిజిస్టర్లో నిలుస్తోంది. హాజరు మాత్రం ఇంటి పనిని బట్టే. సంక్రాంతికి సొంతూరు వెళ్లిన పిల్లల్లో కొందరు నెలాఖరుకు గానీ తిరిగి రారు. జాలరి కుటుంబాలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, వార్షిక పరీక్షల వేళకు సరిగ్గా ఇంట్లో రాబడి ఆగిపోతుంది.

ఇన్ని కారణాలున్నా, నగరంలో పిల్లల స్థాయిని బడివారీగా తెలిపే కొలత జనానికి అందుబాటులో లేదు. పిల్లల చదువు స్థాయి చూసే ‘అసర్’ సర్వే గ్రామాలకే పరిమితం. జాతీయ సాధన సర్వే నమూనా మీద నడుస్తుంది, ఫలితం జిల్లా స్థాయిలో చెబుతుంది. ఆ జిల్లా కూడా 2022 ఏప్రిల్ 4న మూడు ముక్కలైంది. పాడేరు, అరకు అల్లూరి జిల్లాలోకి, అనకాపల్లి వేరే జిల్లాగా పోయాయి. అంతకుముందరి విశాఖ అంకెనూ తర్వాతి అంకెనూ పోల్చి బడులు మెరుగుపడ్డాయనో పడిపోయాయనో తేల్చడం తప్పు.

పేదరికం ఉంటే చదువు రాదనుకోవడమూ తప్పే. పదో తరగతి ఉత్తీర్ణతలో 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం గిరిజన ప్రాంతమైన పార్వతీపురం మన్యానిది. అక్కడ చాలామంది ఆశ్రమ బడుల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటారు. పొద్దున్నా రాత్రీ పుస్తకం ముందు కూర్చోబెట్టే మనిషి పక్కనే ఉంటారు. విశాఖలో వాడ పిల్లాడికి నాలుగు గంటలకు బడి గేటు మూసుకుంటే ఆ మనిషి లేరు. నగరం ముందు సరిచూసుకోవాల్సింది ఇదే అనుకుంటాను.

రిజిస్టర్ మూసేముందు హెచ్.ఎం. గారు ఒక పేరు మీద వేలు పెట్టారు. నాలుగో తరగతిలో చేరి టీసీ తీసుకున్నాడు. ఐదులో మళ్లీ చేరి, మళ్లీ వెళ్లాడు. ఇప్పుడు ఆరు. తండ్రి పని ఎక్కడ దొరికితే కుటుంబం అక్కడికి. “ఈసారి పదిహేను రోజులుగా వస్తున్నాడండి, ఎక్కాలు పదమూడు దాకా వచ్చాయి” అన్నారు.