షేరు ముక్కలైనప్పుడు, ముక్కలు కలిసినప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు కొన్న షేరు ధర ఒక్క రాత్రిలో నాలుగో వంతుకు పడిపోయిందని కంగారుపడుతూ రాశారు. ధర పక్కనే ఉన్న షేర్ల సంఖ్యను కూడా ఒకసారి చూడండి. నిన్న 500 చొప్పున 10 షేర్లు ఉన్నచోట, ఈరోజు 125 చొప్పున 40 ఉంటాయి. అప్పుడూ ఇప్పుడూ మొత్తం 5,000 మాత్రమే. కొత్త షేర్లు ఖాతాలో జమ కావడం కాస్త ఆలస్యమైతే ఆ మధ్యకాలంలో నష్టం వచ్చినట్టే కనిపిస్తుంది కనుక, తొందరపడి అమ్మకండి.

దీనినే స్టాక్ స్ప్లిట్ అంటారు. 2020 ఆగస్టులో ఆపిల్ సంస్థ ఒక షేరును నాలుగుగా విభజించింది. కంపెనీ మొత్తం షేర్లూ మీ షేర్లూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి, యాజమాన్యంలో మీ వాటా మారదు. ఒక్కో షేరుకు వచ్చే డివిడెండు (కంపెనీ లాభాల నుంచి పంచే సొమ్ము) తగ్గినా మీ చేతికందే మొత్తం తగ్గదు. ధర బాగా పెరిగిన కంపెనీలే సాధారణంగా ఈ పని చేస్తాయి, చిన్న మదుపరులకు షేరు అందుబాటులో ఉండాలని.

అనేక షేర్లను కలిపి ఒకటిగా చేసి, ఒక్కో షేరు ధరను ఆ మేరకు పెంచే రివర్స్ స్ప్లిట్ విషయంలో మాత్రం మీరు మరింత జాగ్రత్తగా ఉండాలని నా కోరిక. పది షేర్లను ఒకటి చేస్తే, 37 షేర్లున్నవారికి మూడు మిగులుతాయి. ఆ పైన ఉన్న ఏడింటికి చాలా కంపెనీలు నగదు చెల్లిస్తాయి. అలాంటప్పుడు పదికన్నా తక్కువ ఉన్నవారు తమ ప్రమేయం లేకుండానే వాటాదారులు కాకుండా పోతారు. ఇది నాకు న్యాయంగా తోచదు.

అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్‌డాక్‌లో షేరు ధర వరుసగా 30 పనిదినాలు ఒక డాలరుకన్నా తక్కువగా ముగిస్తే కంపెనీకి ఎక్స్ఛేంజి నుంచి తొలగింపు ముప్పుందని హెచ్చరిక వస్తుంది. ఆ గండం గట్టెక్కడానికే అనేక బలహీన కంపెనీలు రివర్స్ స్ప్లిట్ దారి పడతాయి. అయితే ఇలా చేసినవన్నీ మునిగిపోయేవే అనుకోకూడదు: 2011 మే నెలలో అమెరికా బ్యాంకింగ్ సంస్థ సిటీగ్రూప్ పది షేర్లను ఒకటి చేసి, సుమారు 2,900 కోట్ల షేర్లను 290 కోట్లకు తగ్గించుకుంది, నేటికీ నడుస్తోంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత పొంచి ఉంటుంది. ఉన్న షేర్లు పదో వంతుకు తగ్గినా, జారీ చేయడానికి కంపెనీకి అనుమతి ఉన్న షేర్ల పరిమితిని చాలాసార్లు అదే నిష్పత్తిలో తగ్గించరు. ఆ ఖాళీలో కొత్త షేర్లు జారీ చేసి డబ్బు సేకరిస్తే, అంతవరకు మారని మీ వాటా అప్పుడు నిజంగానే పలచబడుతుంది. మీ దగ్గర షేర్లున్న మరో కంపెనీ ఇలా చేసిందేమో దాని వార్షిక నివేదికలో వెతికి, నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య