పేస్‌మేకర్ తడవదా?

పిల్లలూ,

"గుండె లయ తప్పకుండా ఒంట్లో పెట్టిన పేస్‌మేకర్ తడిసి పాడైపోదా తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. ఒళ్ళంటే ఉప్పునీళ్ళ తొట్టే కదా, అడగాల్సిందే. 1958లో స్వీడన్‌లో మొదటిసారి ఒక మనిషికి అమర్చినదాన్ని షూపాలిష్ డబ్బా అచ్చుగా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో పోతపోశారు. ఎపాక్సీలోంచి నీటి ఆవిరి మెల్లగా దూరుతుంది. అందుకే ఇప్పుడు టైటానియం డబ్బీలో పెట్టి, అంచుని లేజర్‌తో అతుకుతారు.

ఆ అతుకు గట్టిదో కాదో తేల్చడానికి సైకిల్ ట్యూబుని తలుచుకోండి. గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, బుడగ కోసం చూస్తాం. ఇక్కడ గాలికి బదులు హీలియం, నీళ్ళకి బదులు శూన్యం, కంటికి బదులు మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే హీలియాన్ని పసిగట్టే యంత్రం. డబ్బీకి వాల్వు ఉండదు కాబట్టి, హీలియం ఒత్తి నింపిన గదిలో గంటలకొద్దీ ఉంచుతారు. కన్నముంటే లోపలికి దూరిన హీలియం, తర్వాత శూన్యంలో పెట్టగానే బయటికొస్తూ దొరికిపోతుంది. పైపైన అంటుకున్న హీలియం కూడా లీకులాగే కనిపిస్తుంది, అది ముందు ఎగిరిపోవాలి.

తమాషా ఏమిటంటే, కన్నం మరీ పెద్దదైతే యంత్రం దాకా వచ్చేలోపే హీలియం ఖాళీ! డబ్బీ భేషుగ్గా ఉన్నట్టే తేలుతుంది. అందుకని పెద్ద లీకులకు వేడి ఫ్లోరోకార్బన్ ద్రవంలో ముంచి బుడగలు చూస్తారు, అచ్చం ట్యూబులాగే. ఇది మాత్రం రెండోదిగానే చెయ్యాలి. తొందరపడి ముందే ముంచితే ఆ ద్రవం సన్న కన్నాల్లో ఇరుక్కుని వాటిని మూసేస్తుంది, ఆపైన హీలియం పరీక్ష అబద్ధం చెబుతుంది.

ట్యూబుని ఇంకాస్త సాగదీస్తాను. ఒకే కన్నం పెద్ద ట్యూబుకీ చిన్న ట్యూబుకీ పడితే ముందు దిగిపోయేది చిన్నదే. సెకనుకి ఘన సెంటీమీటరులో నూరుకోట్లో వంతు కారే లీకు అనుకోండి. లోపల ఖాళీ 1 ఘన సెంటీమీటరు అయితే, అంత గాలి కారడానికి 30 ఏళ్ళు దాటుతుంది. 1 ఘన మిల్లీమీటరు అయితే 12 రోజులే! నరాలకు అమర్చే బుల్లి పరికరాలతో వచ్చిన చిక్కు ఇదే. వాటికి ఇంకా వేల రెట్లు సన్న లీకుని పట్టాలి, కానీ లోపలికి దూరే హీలియమే పిసరంత, పైగా మామూలు గాలిలోనూ పది లక్షలకు 5 పాళ్ళు హీలియం ఉంది, అదీ లీకులాగే కనిపిస్తుంది. అందుకే లోపల తేమ కొలిచే సెన్సార్ పెట్టి, వేడి ఉప్పునీళ్ళలో నెలల తరబడి నానబెట్టి చూస్తారు.

ఈసారి పంక్చర్ వేసేచోట ఆగి, ఒక్కో బుడగకి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టి నాకు రాయండి. నేను చెప్పిన లీకులోంచైతే ఆవగింజంత బుడగ ఊరడానికి పన్నెండు రోజులు కూర్చోవాలి.

మీ తాతయ్య