కంపైలర్ వెంట తెచ్చుకునే హెడర్లు: చిక్కు ఎక్కడ మొదలైంది?

సీ భాషలో ప్రోగ్రాములు రాసేవారిలో చాలామంది హెడర్ ఫైళ్లన్నీ (ప్రోగ్రాముల్లో కలుపుకునే నిర్వచనాల ఫైళ్లు) సిస్టం లైబ్రరీతోనే వస్తాయని అనుకుంటారు. కొన్నిటిని మాత్రం, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరే వెంట తెచ్చుకోవాలి. ‘ఇంట్’ అనే పూర్ణసంఖ్య రకంలో పట్టే అతి పెద్ద సంఖ్య ఎంత, ఫంక్షన్‌కు అందిన విలువలను ఒక్కొక్కటిగా ఎలా తీసుకోవాలి అన్నవి ప్రాసెసర్‌ను బట్టి మారతాయి. ఆ లెక్క కంపైలర్ దగ్గరే ఉంటుంది. అందుకే 1989 నాటి ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణం, ఆపరేటింగ్ సిస్టం లేని చోట కూడా లిమిట్స్, ఫ్లోట్, స్టడ్‌డెఫ్, స్టడ్‌ఆర్గ్ అనే నాలుగు హెడర్లు ఉండి తీరాలని చెప్పింది.

1987లో మొదలైన జీసీసీ అనే కంపైలర్ తొలి వెర్షన్లలో టార్గెట్‌ను (కోడ్ ఏ యంత్రం కోసమో దాన్ని) ఎంచుకోవడం చేతిపనే. వ్యాక్స్ యంత్రానికి కంపైలర్ కట్టాలంటే, వ్యాక్స్ మాక్రోల ఫైలుకు ‘టీఎం.హెచ్’ అనే పేరుతో సింబాలిక్ లింకు (ఆ ఫైలును చూపే మరో పేరు) పెట్టుకోవాలి. తరవాత ఆ పనిని కాన్ఫిగర్ స్క్రిప్టు తీసుకుంది. మెషీన్ వర్ణనను చదివి, కంపైలర్ నిర్మాణానికి కావలసిన మరికొన్ని హెడర్లను పుట్టించే చిన్న ప్రోగ్రాములూ బిల్డ్‌లో (కంపైలర్‌ను కట్టే పనిలో) ఉంటాయి. అవి నడిచేది బిల్డ్ జరిగే యంత్రం మీద, చెప్పేది టార్గెట్ గురించి. రెండూ ఒకటే అయినంతకాలం ఈ తేడా కనిపించదు. ఒక యంత్రం మీద నడుస్తూ మరో యంత్రానికి కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్ కట్టేటప్పుడు బయటపడుతుంది.

లిమిట్స్ హెడర్‌నే చూడండి. జీసీసీ దీన్ని మూడు ముక్కలు అతికించి తయారుచేస్తుంది. మధ్య ముక్కలో కంపైలర్‌కు తెలిసిన హద్దులుంటాయి. ముందూ వెనకా ఉన్నవి సిస్టంలోని అదే పేరున్న హెడర్‌ను కలుపుకోవడానికి. అతికించే ముందు మేక్‌ఫైల్ (బిల్డ్ సూచనల ఫైలు) ఒక్క సంగతే చూస్తుంది: సిస్టం హెడర్ల డైరెక్టరీలో లిమిట్స్ హెడర్ ఉందా? లేకపోతే మధ్య ముక్కతో సరిపెడుతుంది. కొత్త సిస్టంను మొదటి నుంచి కట్టేటప్పుడు అది ఉండే వీలే లేదు, ఎందుకంటే సీ లైబ్రరీని కంపైల్ చేయాల్సింది ఈ కంపైలరే. అయినా బిల్డ్ ఆగదు. ఎంతో తరవాత ఏదో ప్రోగ్రాము పాత్‌_మ్యాక్స్ (ఫైలు దారి పొడవుకు హద్దు) అడిగితే, అలాంటి పేరే లేదని ఎర్రర్ వస్తుంది. పాపం, తప్పును ఆ ప్రోగ్రాములో వెతుకుతూ కూర్చుంటారు. సొంతంగా లైనక్స్ కట్టుకునేవారు క్యాట్ కమాండ్‌తో మూడు ముక్కలనూ స్వయంగా అతికించేది ఇందుకే. నా దృష్టిలో ఇక్కడి అసలు లోపం, బిల్డ్ ఆ సంగతి చెప్పకుండా ముందుకు సాగిపోవడమే.

దీనికి తిరగబడ్డ కథ ఫిక్స్‌ఇన్‌క్లూడ్స్ అనే జీసీసీ సాధనానిది. పాత యూనిక్స్ హెడర్లు ప్రమాణానికి సరిపోకపోవడంతో, జీసీసీ వాటిని సరిదిద్ది తన డైరెక్టరీలో ప్రతులు పెట్టుకోవడం మొదలుపెట్టింది. సిస్టం లైబ్రరీ కొత్తదైనా ఆ ప్రతులు మారవు. పైగా వెతుకులాటలో అవే ముందు దొరుకుతాయి.

ఆ తరవాత వెక్టర్ సూచనలు (ఒకేసారి అనేక విలువలపై పనిచేసే ప్రాసెసర్ ఆదేశాలు) వచ్చి హెడర్లను కొండలా పెంచాయి. 2008 నాటి జీసీసీ 4.3లో ఆర్మ్ ప్రాసెసర్ల వెక్టర్ సూచనలైన నియాన్ హెడర్‌ను ఓకామల్ భాషా స్క్రిప్టులతో పుట్టించారు, కానీ ఫలితాన్ని సోర్సులోనే ఉంచారు. మరో సీ కంపైలర్ అయిన క్లాంగ్ అలా చేయలేదు. సోర్సులో వర్ణన మాత్రమే ఉంటుంది, టేబుల్‌జెన్ అనే ప్రోగ్రాము ప్రతి బిల్డ్‌లోనూ హెడర్‌ను కొత్తగా రాస్తుంది. వర్ణన ఒకచోటే ఉండటం మంచిదే. అయితే క్రాస్ బిల్డ్‌లో ముందుగా బిల్డ్ యంత్రం మీద నడిచే టేబుల్‌జెన్ సిద్ధంగా ఉండాలి.

ఇన్‌స్టాల్ చేసే చోటు కూడా కుదురుగా లేదు. 2023లో వచ్చిన ఎల్ఎల్‌వీఎం (క్లాంగ్ భాగంగా ఉన్న ప్రాజెక్టు) 16 నుంచి క్లాంగ్ హెడర్ల డైరెక్టరీ పేరులో పూర్తి వెర్షన్ పోయి ప్రధాన సంఖ్యే మిగిలింది. పాత దారిని స్క్రిప్టుల్లో రాసిపెట్టుకున్నవారు దాన్ని మార్చుకోవాల్సి వచ్చింది.