చిన్న క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలన, సామాజిక సేవల చదువు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆహార సహాయం, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా), బాలల రక్షణ వంటి పథకాలను కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయాలే నడుపుతాయి. అటువంటి ఒక కార్యాలయంలో పనిచేస్తూ, దగ్గరలోని చిన్న క్రైస్తవ విశ్వవిద్యాలయం నుంచి ఫీల్డ్ శిక్షణకు వచ్చే విద్యార్థులను పర్యవేక్షిస్తున్నాను. అక్కడి ప్రభుత్వ పాలన, సామాజిక సేవల చదువు గురించి గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ మనవాళ్లు అడిగే ప్రశ్నలలో ఎక్కువ భాగం మతానికి సంబంధించినవే. డబ్బూ కాలమూ వృథా కాకుండా కాపాడే ప్రశ్నలను మాత్రం ఎవరో ఒకరిద్దరే అడుగుతారు.

అపోహ: క్రైస్తవులు కానివారిని చేర్చుకోరు; చేర్చుకున్నా మతం మార్చడానికే.

వాస్తవం: ఈ విషయంలో ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క పద్ధతి. కొన్నిచోట్ల ప్రవేశానికే విశ్వాస ప్రకటన అడుగుతారు. మరికొన్నిచోట్ల ఎవరినైనా చేర్చుకుంటారు గానీ మద్యపానం వంటి వాటిపై నియమావళికి ఒప్పుకొని సంతకం చేయాలి. మిచిగన్‌లోని కాల్విన్ విశ్వవిద్యాలయంలో చాపెల్‌కు, అంటే ప్రార్థన సమావేశానికి, వెళ్లడం విద్యార్థి ఇష్టం. టెక్సస్‌లో దానికంటే ఎంతో పెద్దదైన బేలర్‌లో డిగ్రీ విద్యార్థులకు రెండు సెమిస్టర్ల చాపెల్ తప్పనిసరి. కనుక మతం ఊసే ఉండదని చెప్పడమూ సరికాదు. ఆ నియమావళిని ఫీజు కట్టకముందే పూర్తిగా చదవాలి.

అపోహ: ప్రభుత్వ పాలనాశాస్త్రానికీ మతసంస్థకూ పొత్తు కుదరదు.

వాస్తవం: ఈ శాస్త్రానికి పునాదిగా నేటికీ చెప్పుకొనే వ్యాసాన్ని, తరువాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ 1887లో ప్రచురించినప్పుడు ఆయన అధ్యక్షుడూ కాదు, గవర్నరూ కాదు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు స్థాపించిన బ్రిన్ మార్ అనే చిన్న మహిళా కళాశాలలో అధ్యాపకుడు. ఆ కళాశాలే 1915లో సామాజిక సేవారంగానికి ప్రత్యేకంగా ఒక స్నాతకోత్తర విభాగాన్ని ప్రారంభించింది. మన దేశం సంగతి చూసినా, నేడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అని పిలుచుకొనే సంస్థ 1936లో బొంబాయిలో మొదలైనప్పుడు దాని తొలి సంచాలకుడు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ.

అపోహ: హ్యూమన్ సర్వీసెస్ అన్నా, సోషల్ వర్క్ అన్నా, ప్రభుత్వ పాలన అన్నా చివరికి ఉద్యోగం ఒకటే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. క్లినికల్ సోషల్ వర్కర్ (మానసిక చికిత్స, కౌన్సెలింగ్ చేసే సోషల్ వర్కర్) లైసెన్సు కావాలంటే సోషల్ వర్క్ విద్యామండలి, అంటే సి.ఎస్.డబ్ల్యు.ఇ., గుర్తించిన ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో మాస్టర్స్ పట్టా) ఉండాలి, ఆ తరువాత పర్యవేక్షణలో వేల గంటలు పనిచేసి పరీక్ష కూడా రాయాలి. ఆ మండలి బి.ఎస్.డబ్ల్యు.కు (సోషల్ వర్క్‌లో బ్యాచిలర్స్ పట్టా) కనీసం 400 గంటలు, ఎం.ఎస్.డబ్ల్యు.కు కనీసం 900 గంటల ఫీల్డ్ శిక్షణను నిర్దేశిస్తుంది. ఈ లెక్క ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఎంతో చర్చి నడిపే విశ్వవిద్యాలయానికీ అంతే. హ్యూమన్ సర్వీసెస్ పట్టా, అంటే సహాయ సేవలపై ఇచ్చే సాధారణ పట్టా, ఎంత మంచి సంస్థ ఇచ్చినదైనా ఈ లైసెన్సుకు దారి చూపదు, అయితే చిన్న సంస్థలలో చాలాచోట్ల ఈ పట్టానే దొరుకుతుంది; కేస్ మేనేజర్ (సహాయం కోరినవారికి తగిన సేవలు అందేలా చూసే ఉద్యోగి) వంటి ఉద్యోగాలకు అది చాలు, కౌన్సెలింగ్ వృత్తిగా చేపట్టాలనుకునేవారికి చాలదు. ఎం.పి.ఎ., అంటే ప్రభుత్వ పాలనలో మాస్టర్స్ పట్టా, సంగతి వేరు. దానికి నాస్పా (ప్రభుత్వ పాలన కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంటే మంచిదే, కానీ ఆ గుర్తింపు లేదన్న కారణంతో కౌంటీలో బడ్జెట్ విశ్లేషకుని ఉద్యోగం ఇవ్వకూడదని చెప్పే చట్టం ఏదీ లేదు. అందువల్ల కరపత్రంలో "గుర్తింపు పొందిన" అన్న మాట కనిపించగానే అది మొత్తం సంస్థకు వచ్చిన గుర్తింపా, మీరు చేరబోయే కోర్సుకు వచ్చిన గుర్తింపా అని విడివిడిగా అడగాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట ఇప్పటికే ఎం.ఎస్.డబ్ల్యు. చేసినవారు మళ్లీ మొదటి నుంచి చదవడానికి ముందు, విదేశీ పట్టాలను మదింపు చేసే సేవ సి.ఎస్.డబ్ల్యు.ఇ.లోనే ఉందని తెలుసుకోవడం మంచిది.

అపోహ: సేవాభావం ఉంటే చాలు, మిగిలినదంతా దానంతట అదే వస్తుంది.

వాస్తవం: శిక్షణకు వచ్చిన విద్యార్థి మొదట నేర్చుకొనేది దరఖాస్తుదారు ఆదాయాన్ని లెక్కగట్టడం, గడువులోగా నిర్ణయం తెలియజేయడం, తిరస్కరిస్తే అప్పీలు హక్కును వివరించడం, చేసిన ప్రతి పనినీ ఆడిటర్‌కు అర్థమయ్యేలా రాసిపెట్టడం. విశ్వాసం బలంగా ఉన్న విద్యార్థులకు కష్టంగా తోచేది మరొకటి ఉంది: సహాయం కోసం వచ్చినవారికి ఉద్యోగి హోదాలో ప్రార్థన చేద్దామని సూచించకూడదు. 1996 నాటి సంక్షేమ సంస్కరణ చట్టం మతసంస్థలు ప్రభుత్వ కాంట్రాక్టులు పొందడానికి వీలు కల్పించింది, కానీ ఆ డబ్బును ఆరాధనకు, మతబోధకు వాడకూడదనీ, మతం కారణంగా ఎవరికీ సేవ నిరాకరించకూడదనీ షరతు పెట్టింది. నిజాయితీగా నడిచే క్రైస్తవ విశ్వవిద్యాలయాలు ఈ గీతను దాచిపెట్టవు. నా అనుభవంలో అక్కడి నుంచి వచ్చిన విద్యార్థులు మతం, ప్రభుత్వం మధ్య హద్దును ఇతరుల కంటే శ్రద్ధగానే గమనిస్తారు, బహుశా దాని గురించి తరగతిలో వాదించుకొని వస్తారు కనుక.

అపోహ: చిన్న విశ్వవిద్యాలయమంటే నాసిరకం.

వాస్తవం: కాదు. ఆచార్యునికి ప్రతి విద్యార్థి పేరూ తెలిసి ఉండడం సిఫారసు లేఖ రాయించుకొనేటప్పుడు ఎంతో ఉపయోగపడుతుంది. లోటు ఎక్కడంటే ఐచ్ఛిక పాఠ్యాంశాలు, ఫీల్డ్ శిక్షణకు పంపే సంస్థలు తక్కువగా ఉండడంలో. గత రెండేళ్లలో విద్యార్థులను ఎక్కడెక్కడికి పంపారో జాబితా అడగండి. గ్రామీణ ప్రాంతమైతే కారు, డ్రైవింగ్ లైసెన్సు లేకుండా ఎం.ఎస్.డబ్ల్యు.కు కావలసిన ఆ 900 గంటలు పూర్తి చేయడం దాదాపు అసాధ్యం, పైగా చాలాచోట్ల ఆ పనికి జీతం ఉండదు.

అపోహ: చదువు పూర్తయితే అమెరికా ప్రభుత్వ ఉద్యోగం, అప్పు మాఫీ రెండూ దొరుకుతాయి.

వాస్తవం: ప్రజాసేవలో 120 వాయిదాలు కట్టినవారికి మాఫీ అయ్యేది ఫెడరల్ విద్యారుణం మాత్రమే, ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై వచ్చినవారికి ఆ రుణమే రాదు. ఈ వీసాపై ఉన్నవారు ఫీల్డ్ శిక్షణకు ముందుగా సి.పి.టి. (చదువులో భాగంగా పనిచేసే) అనుమతి తీసుకోవాలి, అది పూర్తికాలపు అనుమతిగా ఏడాది నిండితే ఓ.పి.టి. (చదువు తరువాత తాత్కాలికంగా పనిచేసే అనుమతి) అర్హత పోతుంది. సోషల్ వర్క్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు కనుక ఓ.పి.టి. పన్నెండు నెలలతో ముగుస్తుంది. సాధారణ కౌంటీ కార్యాలయాలకు హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీ నుంచి మినహాయింపు లేదు, విశ్వవిద్యాలయాలకు ఉంది. ఇక్కడే ఉండిపోవాలనుకునేవారు కౌంటీలలోనే కాక విశ్వవిద్యాలయాలలో ఉద్యోగాలకు కూడా మొదటి సెమిస్టర్ నుంచే దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాలి.